వాడే చోటు

శాంటా క్లారా, కాలిఫోర్నియా
మార్చి 9, 2025

పెదనాన్న గారికి,

నమస్కారం. మీరు పంపిన కవరు అందింది. అందులో బ్యాంకు ఉత్తరాలు మూడు, యూనివర్సిటీ వాళ్లది ఒకటి. మీ ఇల్లు వదిలి పన్నెండేళ్లయినా వాళ్ల లెక్కలో నేనింకా అక్కడే ఉన్నాను. ఈసారి తప్పకుండా అడ్రస్ మార్పిస్తాను. పోయినేడాదీ ఇదే మాట రాశావని మీరు అనకముందే నేనే అనేస్తున్నా.

ఫోన్లో మీకు సగమే వినబడుతోంది. వినబడని సగానికి కూడా "సరేనమ్మా" అంటున్నారు. అందుకే ఉత్తరం. ఇంకో కారణం కూడా ఉంది. నేను ఇంటర్నెట్ అడ్రసులిచ్చే రిజిస్ట్రీ పాలసీ కమిటీలో ఉన్నాను కదా, మీ కంపెనీలా అడ్రసులు తీసుకున్న ఏ కంపెనీతో ఈ-మెయిల్లో మాట్లాడినా అది రికార్డులో పెట్టాలి. మా పెదనాన్నకి రాసింది రికార్డులో పెట్టడం నాకిష్టం లేదు.

విషయం ఇది. పాలసీ పుస్తకంలో మాటలన్నీ కలగాపులగంగా ఉన్నాయి, వాటిని సరిచేసే పని నాకిచ్చారు. మీకు తెలిసిందే అయినా నా ముసాయిదాలో రాసినట్టే చెప్తాను. ఎక్కడైనా అర్థం కాకపోతే తప్పు నాది. రిజిస్ట్రీ ఒక కంపెనీకి ఇంటర్నెట్ అడ్రసుల గుంపు ఇస్తే అది కేటాయింపు. ఆ కంపెనీ అందులోంచి కొన్ని తీసి తన కస్టమర్‌కి ఇస్తే అది అప్పగింత. మూడోది, వాడే చోటు. డిష్ గానీ వైరు గానీ ఎక్కడ ఆగుతుందో, మెషిన్ ఏ ఇంట్లో ఉందో, ఆ చోటు. ఇన్నాళ్లూ ఈ మూడోదానికి అర్థం రాసి లేదు. కొందరు హెడ్ ఆఫీస్ రాశారు, కొందరు పోస్ట్ బాక్స్ రాశారు. ఇకనుంచి ఎవరు అప్పగిస్తే వాళ్లు రిజిస్ట్రీలో వాడే చోటు రాయాల్సిందే. పాత ఎంట్రీలు కూడా ఏడాదిలోపు దిద్దాలి. పాత చోటు, కొత్త చోటు పక్కపక్కన పెట్టిన లిస్టు వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది.

అక్టోబర్ మీటింగ్‌లో ఇది ఓటుకి వస్తుంది. పెద్ద కంపెనీల వాళ్లు సరే అన్నారు. పల్లెల్లో నడిపే చిన్న కంపెనీల తరఫున ఒక్కరైనా సపోర్ట్ చేస్తూ నాలుగు లైన్లు పంపితే బాగుంటుంది. మీకంటే తగినవాళ్లు నాకు తెలియదు.

రాజీవ్ బాగున్నాడు. గ్రీన్ కార్డ్ క్యూ కదల్లేదు. ఇషా మీ ఫొటో చూసి "తాత హ్యాట్ ఎందుకు వేసుకుంటాడు, హార్స్ ఉందా" అని అడిగింది.

మీ
శ్రీవిద్య

* * *

హార్ట్‌వెల్, టెక్సస్
మార్చి 24, 2025

చి. శ్రీవిద్యకు ఆశీస్సులు.

ఉత్తరం చేరింది. గుర్రం లేదని పాపకు చెప్పు. ఎండ ఉంది, అందుకే టోపీ.

నీ ముసాయిదా రెండుసార్లు చదివాను. కేటాయింపు, అప్పగింత బాగున్నాయి. అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. మూడోదే నాకు నచ్చలేదు.

నా దగ్గర రెండు వందల పద్నాలుగు ఎంట్రీలు ఉన్నాయి. ఒక్కో పొలానికి, ఒక్కో పశువుల దొడ్డికి ఎనిమిదేసి అడ్రసులు. అన్నీ దిద్దాలంటే ప్రతి ఇంటికీ వెళ్లాలి. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య పది మైళ్లు, ఇరవై మైళ్లు. నాకు డెబ్బై ఆరేళ్లు. పనికి ఇంకో మనిషి లేడు. చిన్న కంపెనీల వాళ్లు ఇంత భారం మోయలేరు.

పోనీ దిద్దమంటే ఎలాగో దిద్దుతారు. పాత చోటు కూడా పక్కన పెట్టి లోకానికంతా చూపించాల్సిన పని ఏమిటి? తప్పు దిద్దాక తప్పు ఎక్కడుండేదో ఎవరికి కావాలి? ఆ వాక్యం తీసేస్తే నాలుగు లైన్లు రాస్తాను. ఉంటే రాయను.

ఇక్కడ పదిహేను రోజులుగా గాలి. గడ్డి అంటుకుని ఉత్తరాన రెండు పొలాలు పోయాయి. మన డిష్‌లు రెండు కూలిపోతే నిలబెట్టాను. వేన్ హోల్కమ్ నీకు గుర్తుండే ఉంటాడు. వాళ్ల ధాన్యం గాదె మీదే మనం మొదటి డిష్ పెట్టాం. నువ్వు సగం నిచ్చెన ఎక్కి దిగలేక ఏడిస్తే, కింద నిలబడి ఒక్కో మెట్టూ చెప్పి దింపింది అతనే. జనవరిలో పోయాడు. అరవై ఒకటి. వాళ్లావిడ లొరేన్ ఒక్కతే ఉంటోంది. ఆదివారాలు వెళ్లి మెషిన్ చూసి వస్తున్నాను. వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి వండి ఇస్తుంది. తెచ్చి ఫ్రిజ్‌లో పెడతాను. తినబుద్ధి కాదు.

ఇట్లు
ఆదిశేషు

* * *

శాంటా క్లారా
ఏప్రిల్ 13, 2025

పెదనాన్న గారికి,

వేన్ గారి సంగతి చదివాను. ఆ నిచ్చెన నాకు బాగా గుర్తుంది. "కిందికి చూడకు, నన్ను విను" అన్నారు. లొరేన్‌కి నా మాటగా చెప్పండి.

మీ అభ్యంతరం మాత్రం నాకు అర్థం కాలేదు. నాకు ఈ పని నేర్పింది మీరు. ఏ కేబుల్ ఎక్కడికి వెళ్తుందో చీటీ కట్టకుండా స్క్రూ కూడా బిగించనిచ్చేవారు కాదు. చీటీ లేని వైరు పాము లాంటిది, తల ఎటుందో తెలియదు అని కోప్పడేవారు. ఇప్పుడు మీరే చీటీలు వద్దంటున్నారు. వయసు మీద పడి మొండితనం వచ్చిందని రాజీవ్ అంటున్నాడు. ఎప్పుడూ ఉన్నదే అని నేనన్నాను.

పాత చోటు ఎందుకు చూపించాలన్నారు. చెప్తాను. ఇది ఇంత తొందరగా కదలడానికి కారణం ఒక కేసు. టెక్సస్‌లోనే జరిగింది, కంపెనీ పేరు మాకు చెప్పలేదు. పల్లెల్లో వాళ్ల కోసం ఫ్రీగా నడిపే నర్స్ వీడియో లైన్ ఒకటి ఉంది. మొన్న జనవరి 14, మంగళవారం మధ్యాహ్నం ఒకాయన కంప్యూటర్ ముందు కూర్చుని గుండెలో పట్టేసినట్టుంది అని చెప్పాడు. నర్సు పేరు అడిగేలోపే కుర్చీలోంచి ఒరిగిపోయాడు. పేరు తెలియదు, ఊరు తెలియదు. వాళ్లకి తెలిసింది ఇంటర్నెట్ అడ్రస్ ఒక్కటే. దాన్ని రిజిస్ట్రీలో వెతికితే ఒక ఇంటి నంబర్ కనబడింది. అంబులెన్స్ అక్కడికి వెళ్లింది. అది ఆయన ఇల్లు కాదు, అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. అసలు ఇల్లు ఎక్కడుందో ఆ పూట ఎవరూ కనుక్కోలేకపోయారు.

అందుకే పాతవి కూడా చూపించాలంటున్నాం. ఇలా తప్పుగా పడిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో జనానికి తెలియాలి. ఇప్పుడైనా ఆ నాలుగు లైన్లు రాస్తారా?

మీ
శ్రీవిద్య

ఉత్తరం మడిచాక మళ్లీ తెరిచాను. వేన్ గారు జనవరిలో ఏ తేదీన పోయారు?

* * *

హార్ట్‌వెల్
మే 4, 2025

చి. శ్రీవిద్యకు,

తేదీ అడిగావు. పద్నాలుగే.

అంబులెన్స్ వచ్చింది ఈ ఇంటికి. రెండూ పదికి వచ్చింది, రెండూ పద్నాలుగుకి వెళ్లింది. గోడ గడియారం తలుపుకి ఎదురుగానే ఉంటుంది, నీకు తెలుసు.

నేను భోజనం చేస్తున్నాను. ఆ రోజు డిష్ పని మీద తిరిగి ఆలస్యంగా కూర్చున్నాను. గోంగూర పచ్చడి కలిపిన అన్నం చేతిలో ఉంది. ఎడమ చేత్తో తలుపు తీశాను. ఇద్దరున్నారు, ఒకతను, ఒకామె. పక్క కౌంటీ వాళ్లు, నేనెప్పుడూ చూడలేదు. ఇక్కడ ఎవరైనా పడిపోయారా అన్నారు. లేదన్నాను. ఆమె చేతిలో కాగితం ఉంది, దాని మీద అడ్రస్ నంబరు రాసి ఉంది. చూపించింది. ఇది మీదేనా అంది. నా కంపెనీదే, అప్పుడప్పుడు ఇలా మా ఇల్లు చూపిస్తుంది, ఇక్కడేం లేదు అన్నాను.

ఇలా రావడం కొత్త కాదు. అంతకుముందు దొంగిలించిన ట్రాక్టరు అడుగుతూ పోలీసులు రెండుసార్లు వచ్చారు. ఎవరో తప్పిపోయిన పిల్ల కోసం షెరిఫ్ ఒకసారి వచ్చాడు, పిల్ల వాళ్ల అత్త ఇంట్లోనే దొరికింది. ప్రతిసారీ ఇదే మాట చెప్పి పంపేశాను. నోటికి అలవాటైన మాట.

అతను వెళ్లబోతూ ఆగి అడిగాడు. "మీది కాకపోతే మరి ఎవరిది?"

రెండు వందల మందిలో ఎవరిదైనా కావచ్చు అన్నాను. తలుపు వేసి వచ్చి కూర్చుని అన్నం తిన్నాను.

రిజిస్టరు పక్క గదిలో ఉంది. ఏ నంబర్లు ఎవరికిచ్చానో అందులో నా చేత్తో రాసుకున్నదే. నీకూ తెలుసు, ఆకుపచ్చ అట్ట. చేయి కడుక్కుని తీసి చూస్తే రెండు నిమిషాల పని. వేన్ ఇంటికి ఆరు మైళ్లలో వాలంటీర్ ఫైర్ స్టేషన్ ఉంది. రేడియోలో చెప్తే వాళ్లు పది నిమిషాల్లో చేరేవాళ్లు.

లొరేన్ అమరిల్లోలో పని నుంచి ఆరుకి వచ్చి చూసుకుంది. నాకు ఏడుకి ఫోన్ చేసింది. దగ్గరి వాళ్లకి చేసిన ఫోన్లలో నాది మూడోదట. వెళ్లాను. చావు పనులన్నీ దగ్గరుండి చూశాను. అప్పటికీ నాకు తట్టలేదు. నాలుగో రోజు కౌంటీ మనిషి వచ్చి నంబరు చెప్పి, ఇది ఎవరిదని అడిగాడు. అప్పుడు రిజిస్టరు తీశాను.

కౌంటీ రిపోర్టులో, అంబులెన్సు పొరపాటు చిరునామాకు వెళ్లింది, అక్కడ ఎవరికీ సహాయం అవసరం లేకపోయింది అని రాసి ఉంది. చిరునామా ఎవరిదో రాయలేదు. లొరేన్‌కి తెలియదు. నీ లిస్టు వస్తే పాత చోటు అన్న గడిలో రెండు వందల పద్నాలుగు సార్లు నా ఇంటి నంబరే ఉంటుంది. ఆమె వెతకకుండా ఉండదు.

నా అభ్యంతరం ఇదీ. భారం గురించి రాసింది అబద్ధం కాదు, కానీ అది కారణం కాదు.

ఇట్లు
ఆదిశేషు

* * *

శాంటా క్లారా
జూన్ 1, 2025

పెదనాన్న గారికి,

మీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. రాజీవ్‌కి చూపించలేదు.

మీరు కావాలని చేసింది కాదు. అంబులెన్స్ వాళ్లు కూడా పేషెంట్ పరిస్థితి వివరంగా చెప్పాల్సింది. సరిగ్గా అడగలేదు. నర్స్ లైన్ వాళ్లు ముందే అడ్రస్ తీసుకోవాల్సింది. ఇందులో మీది ఒక్కరిదే తప్పని నేననుకోను. మీరూ అనుకోకండి.

నేను ముసాయిదా మార్చాను. వాడే చోటు అన్న నిర్వచనం కొత్త అప్పగింతలకే వర్తిస్తుంది. పాత ఎంట్రీలు అలాగే ఉండవచ్చు. దిద్దాలనుకుంటే దిద్దుకోవచ్చు, లిస్టు ఉండదు. కారణం అడిగితే చిన్న కంపెనీల మీద భారం అని చెప్తాను. కమిటీలో ఎవరూ కాదనరు.

ఇంకొకటి చెప్పాలి. ఎలా రాయాలో తెలియక ఇన్ని రోజులు ఆగాను. ఆ ఎంట్రీలు పెట్టింది నేను. మీ ఇంట్లో ఉన్నప్పుడు, రెండు వేల పన్నెండులో, నా లాగిన్‌తో. రిజిస్ట్రీ రికార్డులో ప్రతి ఎంట్రీ పక్కనా ఎవరు పెట్టారో ఉంటుంది. బయటివాళ్లకి కనబడదు, స్టాఫ్ తీస్తే కనబడుతుంది. ఒక్కో ఇల్లూ విడిగా పెడితే మూడు వారాలు పడుతుందని మిమ్మల్ని అడిగాను. మీరు, "అన్నీ మనింటికి కేరాఫ్ పెట్టెయ్యమ్మా" అన్నారు. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. మీకు గుర్తుందో లేదో.

ఇప్పుడు ఆ కేసు మీద నిర్వచనం రాసేది నేను, ఆ ఎంట్రీ పెట్టిందీ నేనే. ఇది ఎవరైనా చూస్తే కమిటీలో నా చోటు పోతుంది. అది పోతే పోయింది. ఆఫీసులో ఈ మధ్య లేఆఫ్స్ అవుతున్నాయి, గ్రీన్ కార్డ్ ఇంకా చేతిలో లేదు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దేశం వదలాలి. ఇషా ఇక్కడే పుట్టింది.

అక్టోబర్ దాటేదాకా ఎవరితోనూ ఏమీ అనకండి. లొరేన్‌తో కూడా. ఆమెకి ఇప్పుడు తెలిసి ఒరిగేది ఏముంది?

ఈ ఉత్తరం దాచకండి.

శ్రీవిద్య

* * *

హార్ట్‌వెల్
జూలై 6, 2025

చి. శ్రీవిద్యకు,

గుర్తుంది. ఆ మాట నేనే అన్నాను. నువ్వు మూడు వారాలు చేస్తానన్నావు, నేనే వద్దన్నాను. ఇందులో నీ తప్పేమీ లేదు, నీ పేరు నా నోట రాదు. దాని గురించి మళ్లీ రాయనవసరం లేదు.

ఆ మాట ఎందుకన్నానో ఆలోచించాను. అప్పట్లో మన మెయిల్‌బాక్సు మీద పదకొండు పేర్లు అంటించి ఉండేవి. నువ్వు, నీ రూమ్మేట్ దేదీప్య, ఆ గుంటూరు పిల్లలు. ఎవరు దిగినా మొదటి లైసెన్సు, మొదటి బ్యాంకు కార్డు ఈ ఇంటి నంబరు మీదే. నేను వచ్చినప్పుడూ హ్యూస్టన్‌లో ఒక డాక్టరు గారి ఇంటికి కేరాఫ్‌గానే నాలుగేళ్లున్నాను. మనవాళ్లందరూ అలా ఒకరి గుమ్మంలోంచే ఈ దేశంలోకి వచ్చారు. సాయంత్రం మీ పెద్దమ్మ ఉత్తరాలు పేర్లవారీగా సర్ది సోఫా చేతి మీద వరసగా పెట్టేది. వెళ్లిపోయిన వాళ్లవి కొత్త అడ్రసు కనుక్కుని పంపేది. అన్నేళ్లలో ఒక్కటి కూడా తప్పిపోలేదు.

ఆ ధైర్యంతోనే ఆ మాట అన్నాను. ఎవరిది వచ్చినా ఈ ఇంటికి వస్తే చాలు, ఎవరిదో చూసి మనం అందజేస్తాం అని. వేన్‌ది వచ్చింది. నేను చూడలేదు.

ఎంట్రీలది తప్పయితే నీకూ నాకూ పంచవచ్చు. గుమ్మం దగ్గరిది నాది.

మే నుంచి ఇళ్లకి వెళ్తున్నాను. పొద్దున్నే రెండు, ఎండ తగ్గాక ఒకటి. గేటు దగ్గర నిలబడి చోటు రాసుకుంటున్నాను. నలభై ఆరు అయ్యాయి.

పోయిన ఆదివారం లొరేన్ దగ్గరికి వెళ్లాను. కౌంటీ రిపోర్టు బల్ల మీద పెట్టింది. ఆ చిరునామా వరస కింద గీత గీసి ఉంది. షెరిఫ్ ఆఫీసులో అడిగితే పేరు చెప్పకూడదన్నారట. ఆమె నాతో అంది, "శేష్, నువ్వు ఇంటర్నెట్ మనిషివి కదా. ఆ ఇల్లెవరిదో కనుక్కోగలవా? నాకు వాళ్ల మీద కోపం లేదు. వాళ్లేం చెప్పారో తెలిస్తే చాలు."

చూస్తానన్నాను. కోపం లేదన్నది కూడా ఆమెకి తెలియనిదాని మీదే కదా. ఇంటికి వచ్చాక రెండు రోజులు లేవలేదు.

నీ ముసాయిదాలో తీసేసినదాన్ని మళ్లీ పెట్టు. లిస్టు రానీ. అది వస్తుందంటే ముందే వెళ్లి చెప్పక తప్పదు. లేకపోతే నేను చెప్పగలనన్న నమ్మకం నాకు లేదు. నీ లాగిన్ సంగతి స్టాఫ్ అడిగితే నేను చెప్పి చేయించానని రాసిస్తాను, సంతకం పెట్టి.

ఇట్లు
ఆదిశేషు

* * *

శాంటా క్లారా
అక్టోబర్ 31, 2025

పెదనాన్న గారికి,

ఆలస్యానికి క్షమించండి. ఆగస్టులో ఒక ఉత్తరం రాశాను, పంపలేదు.

నిన్న మీటింగ్ అయిపోయింది. మా ఐటెమ్‌కి పదకొండు నిమిషాలు పట్టింది. కేటాయింపు, అప్పగింత, వాడే చోటు, మూడూ పాస్ అయ్యాయి. పాత ఎంట్రీల మినహాయింపు కూడా ఉంది. తీయలేదు. తీయలేకపోయాను.

మినహాయింపు ఎందుకని ఒకాయన మైక్ దగ్గరికి వచ్చి అడిగాడు. పల్లెల్లో నడిపే ఒక ఆపరేటర్ నాకు రాశారు అని చెప్పి చదివాను. రెండు వందల పద్నాలుగు ఎంట్రీలు, ఇంటికీ ఇంటికీ మధ్య పది, ఇరవై మైళ్లు, డెబ్బై ఆరేళ్ల వయసు, పనికి ఇంకో మనిషి లేడు. మీ మొదటి ఉత్తరంలో మాటలే. పేరు చెప్పలేదు. ఆయన థాంక్స్ చెప్పి కూర్చున్నాడు. ఇంకెవరూ లేవలేదు.

జనవరి కేసు ప్రస్తావన ఎవరూ తేలేదు. నేనూ తేలేదు.

మీరు అడిగింది ఇది కాదని తెలుసు. కానీ ఇప్పుడు మీ మీద బలవంతం ఏమీ లేదు. మీ ఇల్లు ఎవరికీ కనబడదు. మీరు ఏ ఇంటికీ వెళ్లక్కర్లేదు. క్రిస్మస్‌కి ఇక్కడికి వచ్చేయండి, టికెట్ బుక్ చేస్తాను. గదిలో హీటర్ పెట్టించాం. ఇషా మీ కోసం తెలుగులో ఒక పాట నేర్చుకుంటోంది.

నన్ను తిట్టాలనుకుంటే తిట్టండి. ఉత్తరం మాత్రం రాయండి.

శ్రీవిద్య

* * *

హార్ట్‌వెల్
నవంబర్ 23, 2025

శ్రీవిద్యకు,

నా మాటలు చదివానన్నావు. ఒకటి సరిచేయాలి. రెండు వందల పద్నాలుగు ఇళ్లకీ వెళ్లాను. డెబ్బై ఆరేళ్ల మనిషికి ఆరున్నర నెలలు పట్టింది. అన్నీ దిద్దాను. దిద్దనక్కర్లేదని రిజిస్ట్రీ నుంచి జవాబు వచ్చింది. దిద్దినవి ఉంచమని రాశాను.

చివరిది లొరేన్ ఇల్లు. ఆ చోటు నాకు తెలియనిది కాదు, చెప్పలేక ఆపాను. పోయిన ఆదివారం, పదహారో తారీఖున, రిజిస్టరు తీసుకుని వెళ్లాను. మధ్యాహ్నం. ఆమె బీన్స్ ఉడికిస్తోంది.

ఆ ఇల్లు నాదే అని చెప్పాను.

పొయ్యి ఆపింది. ఎదురుగా కూర్చుంది. వాళ్లు నిన్ను ఏమడిగారంది. చెప్పాను. నువ్వేమన్నావంది. చెప్పాను. పుస్తకం ఎక్కడుందంది. పక్క గదిలో అన్నాను. ఎందుకు తేలేదంది. భోజనం చేస్తున్నాను, చేయి ఎంగిలి అన్నాను. అది ఆమెకి అర్థమవుతుందనుకోలేదు. మనం చేత్తో తింటామని తెలుసు కదా, అర్థమైంది. నా కుడి చేయి వైపు చూసింది.

టైము అడిగింది. రెండూ పది నుంచి రెండూ పద్నాలుగు అన్నాను. గోడ మీది క్యాలెండర్ తీసి, జనవరికి తిప్పి, పద్నాలుగో తారీఖు గడిలో రాసుకుంది. ఆ గడిలో ముందే ఇంకో రెండు టైములు రాసి ఉన్నాయి. అతను పడిపోయిన ఒంటిగంటా నలభై ఎనిమిది, ఇంకోటి రెండూ నలభై ఒకటి. రెండోది ఏమిటని నేను అడగలేదు. ఆమే చెప్పింది.

"నర్సు స్క్రీన్ మీద చూస్తూనే ఉంది. అప్పటిదాకా అతని చేయి కదిలిందట."

అంబులెన్స్ నా గుమ్మం వదిలాక ఇరవై ఏడు నిమిషాలు. నీకు ముందు రాసిన పది నిమిషాలు, రెండు నిమిషాలు, నువ్వే కలుపుకో.

ఆమె ఏడవలేదు. అరవలేదు. లేచి, ఇన్నాళ్లూ నాకు వంటలు పెట్టి ఇచ్చిన డబ్బాలు వెనక్కి తెచ్చావా అని అడిగింది. ట్రక్కులో ఉన్నాయి, కడిగి తెచ్చాను. తెచ్చి బల్ల మీద పెట్టాను. లెక్కపెట్టి షెల్ఫ్‌లో సర్దింది. అప్పుడు అంది, "గాదె మీద డిష్ ఉండనివ్వు. దాని వెనక పదకొండు ఇళ్లున్నాయి. నువ్వు మాత్రం రాకు."

వచ్చేశాను. గేటు దగ్గర ఆగి చోటు రాసుకున్నాను.

కరెంటు కో-ఆపరేటివ్ వాళ్లతో మాట్లాడాను. కొత్త సంవత్సరం నుంచి డిష్‌లు, అడ్రసులు, కస్టమర్లు అన్నీ వాళ్లకి అప్పగిస్తున్నాను. రిజిస్టరు కూడా. లొరేన్ ఇంటికి వాళ్ల మనిషి వెళ్తాడు. అడ్రసులు అప్పగించేటప్పుడు కాగితాల్లో నీ నిర్వచనాలే వాడారు. స్పష్టంగా ఉన్నాయి. బాగా రాశావు.

నీ పేరు నేను చెప్పలేదు. ఎంట్రీలు ఎవరు పెట్టారని ఆమె అడగలేదు. అడిగి ఉంటే నావే అని చెప్పేవాణ్ని, అది నిజమే కాబట్టి. నీ ఉత్తరాలు దాచలేదు. పొయ్యిలో వేశాను. నావి నీ దగ్గరుంటే నీ ఇష్టం.

క్రిస్మస్‌కి రాను. పాపకు చెప్పు, తాతకు చెవులు సరిగా వినబడవు, పాట నీకు వినిపించమను.

దీనితో నీ పేరున వచ్చినవి ఆరు కవర్లు పంపుతున్నాను. రెండు బ్యాంకువి, మూడు యూనివర్సిటీవి, ఒకటి ఇన్సూరెన్స్. ఇవే ఆఖరు. మెయిల్‌బాక్సు మీద పాత పేర్లన్నీ గీకి తీసేశాను. నీది గట్టిగా అంటుకుని ఉంది, చాకు పెట్టాల్సి వచ్చింది. ఇకమీదట ఈ ఇంటికి నీకు ఏది వచ్చినా విప్పి చూడను, నీకు పంపను. ఈ మనిషి ఇక్కడ లేదు, ఉన్న చోటు ఇది అని నీ శాంటా క్లారా ఇంటి నంబరు కవరు మీద రాసి, తెచ్చినవాళ్ల చేతికే ఇస్తాను.

ఆదిశేషు